బాసు డ్రమ్ము, నా నడుము, మా అక్క బిడ్డ భుజాలు

పోయిన డిసెంబర్‌లో ఒక ఆదివారం కుమార్‌పల్లిలో ఉండే మా అక్క ఇంటికి పోయాను. మేనకోడలు మంచం మీద బోర్లా పడుకొని ఫోన్ చూస్తోంది. మెడ మొదట్లోంచి భుజం మీదుగా రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి చార కనిపించింది, ఎవరో వాత పెట్టినట్టు. ఇదేంటి బిడ్డా అంటే ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా, "బ్యాండు ప్రాక్టీసు మామా, జనవరి 26కు. బాసు డ్రమ్ము నాకే ఇచ్చిండ్రు, క్లాసుల నేనే పొడుగున్న గదా" అంది.

ఆ మాట చెవిన పడగానే నా నడుము ఒకసారి కలుక్కుమంది. ఎందుకంటే 2003లో నాకూ సరిగ్గా ఇదే కారణం చెప్పి, బ్యాండులో అన్నిటికంటే పెద్దదైన ఇదే డ్రమ్ము మెడలో వేశారు. పొడుగున్నోడివి, నువ్వే మోయి. తాళం జ్ఞానం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. తర్వాత పెళ్లి బ్యాండులో చేరినప్పుడూ అంతే, కొత్తోడికి బాసు డ్రమ్ము. ట్రంపెట్ ఊదేవాళ్లకు పేరు, సైడ్ డ్రమ్ము వాళ్లకు స్టైలు, బాసు డ్రమ్ము వాడికి బరువు.

ఈ పోస్టు చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను, ఆ చార చూశాకే రాయబుద్ధయింది. మార్చింగ్ బ్యాండుల మీద తెలుగులో ఎవరైనా రాస్తే యూనిఫాం గురించో, ఇప్పుడు డీజేలొచ్చి బ్యాండోళ్ల పొట్ట కొట్టాయనో రాస్తారు. అది నిజమే. కానీ ఆ డ్రమ్ము మోసినవాడి నడుము ఏమైందో రాసినవాళ్లను నేను చూడలేదు.

మర్నాడు అక్కతో పాటు స్కూలుకు పోయాను. గొడవకు కాదు. డ్రమ్ము ఎంత బరువుందో చూద్దామని. పిల్లల ఎత్తు, బరువు కొలిచే మిషన్ ఒకటి ఆఫీసు గదిలో ఉంది. ముందు పిల్లను ఒక్కదాన్నే నిలబెట్టాం, 38 కిలోల 200 గ్రాములు. తర్వాత డ్రమ్ము వేసుకొని నిలబడితే 45 కిలోలు. అంటే డ్రమ్ము, హుక్కులు, పట్టీ కలిపి 6 కిలోల 800. అక్కడున్న సారు మంచాయనే, కానీ నవ్వాడు. "అలవాటైతది సార్, మేం మోయలేదా" అన్నాడు. నిజంగానే ఆయనా మోసుంటాడు. కుర్చీలోంచి లేచేటప్పుడు ఆయన చెయ్యి నడుం మీదికి పోవడం నేను గమనించాను, నాది కూడా అట్లాగే పోతుంది కాబట్టి.

నాకు విచిత్రంగా అనిపించేది ఏంటంటే, 2017లో మన తెలంగాణ ప్రభుత్వం స్కూలు బ్యాగు బరువుకు హద్దు పెట్టింది, ఒకటి రెండు తరగతులకు కిలోన్నర, ఎనిమిది తొమ్మిదికి నాలుగున్నర కిలోలు, పదో తరగతికి 5 కిలోలు. కేంద్రం 2020లో తెచ్చిన బ్యాగు పాలసీలో పిల్ల బరువులో పదో వంతు దాటొద్దని ఉంది. మా పిల్లకు ఆ లెక్కన 3 కిలోల 800 చాలు. ఆ బ్యాగు కూడా రెండు భుజాల మీద, వీపుకు ఆనుకొని ఉంటుంది. డ్రమ్ము దానికి దాదాపు రెండింతలు, అదీ ముందు వేలాడుతుంది, గంటన్నర నడుస్తూ దాన్ని కొట్టాలి కూడా. దీనికి ఏ హద్దూ లేదు. బ్యాగులో పుస్తకాలు తీసేసి తేలిక చేసిన బడే సాయంత్రం డ్రమ్ము మెడలో వేస్తుంది.

నా సంగతి చెప్తాను. డిగ్రీ చదివేటప్పుడు, 2008 నుంచి నాలుగు సీజన్లు, వరంగల్‌లో ఒక పెళ్లి బ్యాండుతో తిరిగాను. నర్సంపేట, పరకాల, జమ్మికుంట, హుజూరాబాద్, ఎక్కడ ముహూర్తం ఉంటే అక్కడికి టాటా ఏస్ వెనకాల డ్రమ్ముల మధ్య కూర్చొని పోవడం. ఏప్రిల్, మే నెలల్లో లగ్గాలు ఎక్కువ. ఎండకు తారు మెత్తబడి చెప్పు అంటుకునే రోడ్డు మీద, మెడ దాకా గుండీలు పెట్టిన మందపాటి కోటు వేసుకొని, తలకు టోపీ పెట్టుకొని, 28 అంగుళాల డ్రమ్ము. ఒకసారి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తే 9 కిలోల 400 తూగింది. మోసినందుకు ఒక బరాత్‌కు 300 రూపాయలు. ఆ డబ్బుతోనే ఫీజు కట్టాను కాబట్టి ఫిర్యాదు లేదు. బరాత్‌లో ముఖ్యమైన సంగతి ఒకటుంది, అది కదలదు. పెళ్లికొడుకు దోస్తులు డాన్స్ చేయడం మొదలుపెడితే ఒక్క చౌరస్తాలో ముప్పావు గంట నిలబెట్టేస్తారు. నడవడం కంటే నిలబడటం కష్టమని అప్పుడు తెలిసింది. నడిచేటప్పుడు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉంటుంది, కండరాలకు క్షణమైనా విడుపు దొరుకుతుంది. నిలబడి కొడితే ఒకే కండరం గంట సేపు పట్టి బిగుసుకొని ఉండాలి.

వినాయక నిమజ్జనం ఇంకా ఘోరం. హన్మకొండ చౌరస్తా నుంచి పద్మాక్షి గుట్ట దాకా మామూలుగా నడిస్తే ఎంత సేపు? ఆ రాత్రి మాకు ఐదు గంటలు పట్టింది. చివరికి డ్రమ్ము దించితే రెండు చేతుల్లో చిటికెన వేలు, ఉంగరం వేలు ఉన్నాయో లేవో తెలియలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటే జారిపోయింది. పట్టీ భుజం దగ్గర నరాల కట్టను అదిమేస్తే అట్లా అవుతుందట. బరువైన సంచులు వీపున మోసే సైనికులకూ భుజాల దగ్గర ఇట్లాగే నరాలు నలిగి చేతులు మొద్దుబారతాయి, డాక్టర్లు దాన్ని రక్‌సాక్ పాల్సీ అంటారు. మాకు ఆ పేరు తెలియదు. "తిమ్మిరెక్కింది" అనుకొని చేతులు విదిలించి ఆటో ఎక్కాం.

అసలు సమస్య బరువు కాదని అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది. చిన్నప్పుడు మా ఊళ్లో కావడితో నీళ్లు మోసే ఒక తాత ఉండేవాడు. రెండు బిందెల నీళ్లంటే మా డ్రమ్ముకు మూడింతలు. డెబ్బై ఏళ్లకు కూడా ఆయన నడుము నిటారుగా ఉండేది. కావడిబద్ద భుజం మీద, ఆ చివరొకటి ఈ చివరొకటి, బరువు రెండు దిక్కులా సరిసమానం, మొత్తం నేరుగా వెన్ను మీంచి కాళ్లలోకి దిగిపోతుంది. ఇప్పుడు ఆ కావడికి వెనక బిందె తీసేసి, ముందు బిందెతో మాత్రమే నడవమంటే? బాసు డ్రమ్ము అంటే అదే.

కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోవద్దు. మా పిల్ల డ్రమ్ము 24 అంగుళాలది. బాసు డ్రమ్ముకు తోళ్లు కుడి ఎడమలకు ఉంటాయి, గుండ్రటి అంచు పొట్టకు ఆనుతుంది. అంటే డ్రమ్ము నడిమధ్య పొట్టకు ఒక అడుగు ముందుంది. పొట్ట నుంచి వెన్నుపూసకు ఇంకో అరడుగు. మొత్తం 45 సెంటీమీటర్లు. ఈ బరువు ముందుకు లాగకుండా వెనక నుంచి గుంజి పట్టే కండరాలు మాత్రం వెన్నుపూసకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. నీళ్లు తోడే ఏతంలో ఒక దిక్కు పొడుగు, ఒక దిక్కు పొట్టి అయితే పొట్టి దిక్కున ఎంత బలం కావాలో అంత. తొమ్మిదింతలు. 6 కిలోల 800ను తొమ్మిదితో గుణిస్తే 61 కిలోలు. 38 కిలోల పిల్ల నడుం కండరం 61 కిలోల గుంజుడు గుంజుతోంది. కండరం గుంజే ఆ గుంజుడంతా మళ్లీ వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కుల మీదే పడుతుంది. ఇది ముతక లెక్కే, ఒంటి వంపును బట్టి అటూ ఇటూ అవుతుంది. కానీ సంగతి అర్థమవుతుంది.

అంత గుంజలేక ఒళ్లు ఒక ఉపాయం కనిపెడుతుంది. వెనక్కి వాలుతుంది. పై ఒళ్లే వెనక బిందె అయిపోతుంది. ఏ బ్యాండులో అయినా బాసు డ్రమ్ము వాడిని పక్క నుంచి చూడండి, నిండు చూలాలు నడిచినట్టు నడుస్తాడు, ఛాతీ వెనక్కి, పొట్ట ముందుకి. చూసేవాళ్లకు అది దర్జాగా కనిపిస్తుంది, మా మాస్టర్ కూడా "ఛాతీ ఇరిచి నడువు తమ్మీ" అనేవాడు. కానీ నడుం కింది వంపు లోతుగా వంగి, వెనక ఉండే చిన్న చిన్న కీళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. కండరం బతికింది, కీలు పోయింది. రామప్ప గుడికి పోయినప్పుడల్లా నాకిదే యావ. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అందరూ నాగిని శిల్పం దగ్గర ఫోటోలు దిగుతుంటే నేను మద్దెల వాయించేవాళ్ల బొమ్మల నడుములు చూస్తుంటాను. నాట్యం కోసం చెక్కిన వంపో, మద్దెల బరువుకు వచ్చిన వంపో శిల్పిని అడగాలి.

సైడ్ డ్రమ్ము తేలికని బాసు వాళ్లం అసూయపడేవాళ్లం గానీ దాని బాధ దానికుంది. పాత పద్ధతిలో పట్టీ కుడి భుజం మీంచి అడ్డంగా వచ్చి, డ్రమ్ము ఎడమ తొడ దగ్గర వాలుగా వేలాడుతుంది. అట్లా వాలి ఉన్న డ్రమ్మును మామూలుగా కొట్టాలంటే ఎడమ మోచెయ్యి ఆకాశానికి లేపాలి, అందుకే ఎడమ చేతి పుల్లను అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి సందులో ఇరికించి పట్టుకోవడం వచ్చింది. మిలటరీ బ్యాండుల్లో పుట్టిన ఆ పట్టును, ఇప్పుడు డ్రమ్ము చదునుగా స్టాండు మీద పెట్టుకునే వాళ్లు కూడా నేర్చుకుంటున్నారు. అంటే ఒక పట్టీ సరిగ్గా లేకపోవడం వల్ల వందల ఏళ్ల పాటు మనుషుల చెయ్యి తిప్పే తీరే మారిపోయింది! నాకైతే ఇది భలే ముచ్చటగా ఉంటుంది. ఎడమ తొడకు డ్రమ్ము కొట్టుకోకుండా ఒక పక్కకు ఒరిగి నడిచీ నడిచీ మా సైడ్ డ్రమ్ము అన్నకు చొక్కా ఎప్పుడూ ఒక భుజం మీంచి జారినట్టే ఉండేది. అమెరికాలో కాలేజీ బ్యాండుల వీడియోలు చూస్తే వాళ్లు పట్టీలు ఎప్పుడో వదిలేశారు, రెండు భుజాల మీద కవచంలాంటి ఒక చట్రం వేసుకొని దానికి డ్రమ్ము బిగిస్తారు. వాళ్ల నాలుగైదు డ్రమ్ముల సెట్టు పది కిలోలు దాటుతుంది, వాళ్లకూ నడుం నొప్పులే. కానీ కనీసం మెడకు ఉరి లేదు.

నాకు 2012 జూన్‌లో పడింది దెబ్బ. లగ్గాల సీజన్ చివర్లో టాటా ఏస్ మీంచి డ్రమ్ము దించుతున్నాను, వంగి, కొంచెం పక్కకు తిరిగి. టప్‌మని శబ్దమేమీ రాలేదు. నడుంలో ఎవరో స్క్రూ బిగించినట్టైంది, ఎడమ పిర్ర నుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టు. అట్లాగే రోడ్డు మీద వంగి నిలబడిపోయాను. ఆ రాత్రి మా అవ్వ ఉప్పు మూటతో కాపడం పెట్టింది. తెల్లారి పక్క వాడకట్టులో ఎదురుకాళ్లతో పుట్టిన ఒక పిల్లగాడు ఉంటే వాణ్ని పిలుచుకొచ్చి నా నడుం మీద మూడుసార్లు తన్నించింది. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, నడుం పట్టేస్తే అట్లా పుట్టినవాళ్లతో తన్నించుకుంటే పోతుందంటారు. వాడికి ఏడేళ్లు. మొదటి రెండూ మర్యాదగానే తన్నాడు, మూడోసారి ఉత్సాహపడ్డాడు. వారం రోజులు మంచం దిగలేదు.

తర్వాత స్కానింగ్ తీస్తే నడుం కింది డిస్కు పక్కకు ఉబ్బి కాలికి పోయే నరాన్ని ఒత్తుతోందన్నారు. ఆపరేషన్ అన్నాడు ఒక డాక్టరు, వద్దన్నాడు ఇంకొకాయన. రెండో ఆయన మాట విన్నాను, నా విషయంలో అది సరిపోయింది, అందరికీ సరిపోతుందని చెప్పను. కాలు బలం తగ్గుతుంటే, లేదా ఒంటికీ రెంటికీ పోయే దగ్గర తేడా వస్తే మాత్రం ఉప్పు మూటలు, తన్నుడులు పెట్టుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి ఉరకండి. ఫిజియోథెరపీ చేసిన మేడం ఒక మాట అంది, "నీ నడుం బలంగానే ఉంది, పొట్టే లేదు". ముందున్న పొట్ట కండరాలు గట్టిగా ఉంటే అవి వెన్నుకు దట్టీ కట్టినట్టు పట్టుకుంటాయట. నాలుగేళ్లు డ్రమ్ము మోస్తే నడుం బలపడుతుందనుకున్నాను, అది మోసినకొద్దీ అరిగింది. మోచేతుల మీద ఒంటిని కర్రలా నిలిపే ప్లాంకు, మోకాళ్ల మీద వంగి ఎదురెదురు చెయ్యి కాలు చాపడం, ఇవి రోజూ పది నిమిషాలు. ఇప్పటికీ చేస్తాను. బద్ధకించిన వారం ఎడమ మడమ గుర్తు చేస్తుంది.

చెవుల సంగతి కూడా ఒక్క మాట. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చట, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగం తగ్గుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. సైడ్ డ్రమ్ము పక్కన నిలబడి పావుగంటలో ఇంటికి పోయినవాణ్ని నేనెవర్నీ చూడలేదు. దూది పెట్టుకునేవాళ్లం, దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు.

మొన్న సంక్రాంతికి ఐనవోలు జాతరకు పోయినప్పుడు ఒగ్గు డోలు వాయించే ఒక పెద్దాయనతో మాట కలిపాను. వాళ్లు ఊరికే నడవరు, డోలుతో ఎగురుతారు, గిరగిరా తిరుగుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి కూడా వాయిస్తారు. నడుం నొయ్యదా కాకా అంటే ఆయన తన డోలు కట్టుకున్న తాడు చూపించాడు. మెడకు వేలాడదీయడమే కాదు, నడుముకు చుట్టి పొట్టకు బిగించి ఉంది. "పోరణ్ని సంకనేసుకున్నట్టు ఉండాలె బిడ్డా, దూరం పట్టుకుంటే పోరడు కూడా బరువే" అన్నాడు. నేను 45 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్లు అని ఇంత లెక్క వేసి చెప్పిందంతా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. నొప్పి లేదని మాత్రం అనలేదు. మోకాళ్లు చూపించి నవ్వాడు. డప్పు వాళ్లకు ఇంకో తీరు, డప్పు తేలికే గానీ ఎడమ చెయ్యి రెండు పనులు చెయ్యాలి, అంచును పట్టి ఆనించాలి, చిటికెన పుల్ల ఆడించాలి, రాత్రంతా వాయిస్తే ఎడమ భుజం తెల్లారి పైకి లేవదు.

ఐనవోలు నుంచి వచ్చేటప్పుడు దారిలో ఒక గౌడన్న కల్లుకు తాటిచెట్టు ఎక్కుతుంటే బండి ఆపి చూశాను. మోకు తాడు చెట్టు చుట్టూ తిరిగి నడుముకు వస్తుంది, ఆయన వెనక్కి వాలితే బరువంతా నడుం కింది ఎముక మీద కూర్చుంటుంది, రెండు చేతులూ ఖాళీ, హాయిగా కల్లు గీసుకుంటాడు. భుజం మీద, మెడ మీద ఏమీ లేదు. నాకు అక్కడే వెలిగింది. డ్రమ్ము పట్టీకి కావలసింది కూడా నడుం కట్టే.

జనవరి 26కు పది రోజులు కూడా లేవు. హంటర్ రోడ్డులో ఆటో సీట్లు కుట్టే ఒక భాయ్ దగ్గరికి పోయి బొమ్మ గీసి చూపించాను. ఆయన ముందు నవ్వాడు, తర్వాత సీరియస్ అయ్యాడు, తర్వాత నా బొమ్మ పక్కన పెట్టి ఆయనే ఇంకోటి గీశాడు. రెండు భుజాల మీదికి నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలు, లోపల సీటు స్పాంజి, వీపు మీద ఇంటూ గుర్తులా దాటించి, కింద నడుముకు వెడల్పాటి బెల్టు, లారీ టార్పాలిన్‌కు వాడే బకిల్. ముందు హుక్కులు పైకి జరిపించాను, డ్రమ్ము ఊగకుండా పొట్టకు అతుక్కుని ఉండాలని. 350 రూపాయలు. డ్రమ్ము బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు, అది ముందుకే ఉంది, లెక్క ప్రకారం నడుముకు పని ఉంది. కానీ మెడ మీది బరువు తుంటి ఎముకల మీదికి దిగింది, అడుగడుక్కీ ఊగి గుంజడం ఆగింది. సారును బతిమాలి ఇంకోటి కూడా ఒప్పించాను, నిలబడి సూచనలు వినేటప్పుడు డ్రమ్ము కింద పెట్టాలి, ఇరవై నిమిషాలకోసారి పిల్లలు మారాలి. 20 అంగుళాల డ్రమ్ము కొనమని కూడా అడిగాను, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. అడుగుతూనే ఉంటాను.

మా పిల్ల బెల్టు కట్టుకొని హాల్లో రెండు చుట్లు తిరిగి, "ఇప్పుడు మోకాలుకు తగుల్తాంది మామా" అంది. హుక్కులు ఇంకో అంగుళం పైకి జరపాలి. ఫోన్ చేస్తే భాయ్ విసుక్కున్నాడు, అదే స్కూలు నుంచి ఇంకో ముగ్గురు పిల్లల నాన్నలు వచ్చి డ్రమ్ము బెల్టు కావాలని కూర్చున్నారట, కొలతలకు డ్రమ్ములు తెమ్మంటే తేలేదట. "డ్రమ్ము లేకుంట బెల్టెట్ల కుడ్తరన్నా, జర మీరే చెప్పుండ్రి" అన్నాడు. సాయంత్రం బండి మీద పిల్లను వెనక కూర్చోబెట్టుకొని, మధ్యలో డ్రమ్ము పెట్టుకొని హంటర్ రోడ్డుకు బయల్దేరాం.